పలుకొమ్ముల తల్లి వెలసిన కథ

పాలమూరు సీమలో ఎర్రనేలలు దాటి దక్షిణంగా సాగే యాత్రికులకు, ఈదులవాగు మలుపు తిరిగే చోట పలుకొమ్ముల గుట్ట కనిపిస్తుంది. వానాకాలంలో ఈ గుట్ట నిలువెల్లా పచ్చగడ్డితో నిగనిగలాడుతుంది. వేసవిలో తేనెరంగుకు మారుతుంది. కాలిబాట వెంట పైకి ఎక్కినవారికి గోపురం గాని, ధ్వజస్తంభం గాని ఎదురుపడవు. ఆకాశమే కప్పుగా వెలసిన పలుకొమ్ముల తల్లిని చుట్టుపక్కల పల్లెలన్నీ తమ ఇంటి ఆడపడుచుగా కొలుస్తాయి. ఆ పేరు ఎలా వచ్చిందో పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ గొల్లల మందలు మేసేవి. ఏ పల్లె మంద ఆ పల్లెదే. ప్రతి మందకూ ఒక కొమ్ముబూర ఉండేది. గడ్డి కోసం, నీటి కోసం మందల వారు తలలు పగలగొట్టుకునేవారు. ఆ రోజుల్లో పోలన్న అనే కాపరి ఊరూరా తిరిగి, పగలు మాన్పించి, మందలన్నిటినీ ఒక్క కట్టు కిందికి తెచ్చాడు. అందరూ ఆయనను మందపెద్దగా ఒప్పుకున్నారు. ఇకపై కొండ మీద ఒకే కొమ్ము మోగాలని, అది తన చేతి కొమ్మేనని పోలన్న కట్టడి చేశాడు. మిగిలిన కొమ్ములన్నీ ఆయన ఇంటి దూలానికి వేలాడాయి.

ఆ కట్టడి మేలే చేసింది. కొట్లాటలు ఆగాయి, మందలు పెరిగాయి. పోలన్న కొమ్ము ఊదితే చాలు, గుట్ట నలువైపులా ఉన్న గొర్రెలన్నీ లేచి, వాగు దిగి, ఆవలి గడ్డిబీళ్లకు ఏరులా సాగిపోయేవి. ఆ దృశ్యం చూసినప్పుడల్లా పోలన్న ఛాతీ ఉప్పొంగేది. అయితే ఏళ్లు గడిచేకొద్దీ కాపరులు మబ్బు వంక చూడడం మానేశారు. చూడవలసినవాడు పోలన్న ఉన్నాడు కదా అనుకున్నారు. పోలన్న కూడా అలాగే అనుకున్నాడు.

ఒక వానాకాలం పోలన్న గుట్టకు పడమటి వాలున ఉన్నాడు. ఆకాశం నిర్మలంగా ఉంది. తూర్పున, వాగు నడిమి ఇసుక లంక మీద ఆయన తమ్ముడు ఐలన్న మంద మేస్తున్నది. మధ్యాహ్నం దాటాక మల్కయ్య అనే కాపరి గుట్ట ఎక్కి దిగి, రొప్పుతూ వచ్చాడు.

"పోలన్నా, వాగుల ఎర్రనీళ్లు వస్తున్నయి. ఎగువన ఎక్కడో వాన కొట్టినట్టుంది. మందను కదిలియ్యమంటవా అని ఐలన్న అడిగి రమ్మన్నడు."

పోలన్న కొమ్ము ఎత్తి పెదవులకు ఆనించాడు. ఊదబోయి ఆగాడు. ఆ కొమ్ముకు ఉన్నది ఒక్కటే మాట: వాగు దిగి ఆవలికి సాగమని. ఊదితే లంక మీది మంద కదులుతుంది. కాని గుట్ట మీద క్షేమంగా ఉన్న మందలన్నీ ఆ మాటే విని వరదలోకి దిగుతాయి. తాను అటు లేడు. వాగు ఎంత లేచిందో తనకు తెలియదు. కొమ్ము దించి, "ఉరుకు మల్కయ్యా! వెంటనే ఒడ్డెక్కమను!" అన్నాడు.

మల్కయ్య పరుగెత్తాడు. అతడు చేరేసరికి అక్కడ లంక లేదు. మందతో పాటు ఐలన్న కూడా కొట్టుకుపోయాడు.

ఐలన్న భార్య బుచ్చవ్వ ఏడవలేదు. బావ ఎదుట నిలబడి ఒక్క మాట అడిగింది. "నీ తమ్మునికి నీళ్లు కనబడలేదా బావా? కనబడ్డయి. నీ మాట కోసం నిలబడ్డడు."

పోలన్న అన్నం ముట్టక గుట్ట మీద పడుకున్నాడు. తెల్లవారుజామున కలలో, గొంగడి కప్పుకున్న ఒక స్త్రీ ఆయన తల దగ్గర కూర్చుంది. "మందమందకూ కొమ్ములిచ్చింది నేను. అన్నీ తెచ్చి నీ దూలానికి కట్టుకున్నది నువ్వు. ఎవరివి వాళ్లకిచ్చిరా. ఆ పైన నన్ను వెతుకు" అని చెప్పి మాయమైంది.

పోలన్న తెల్లారగానే దూలం మీది కొమ్ములు దించి, భుజాన వేసుకుని మందమందకూ తిరిగాడు. ఉత్తరపు పల్లె పెద్ద రామసాని అడ్డుపడ్డాడు. "కొమ్ములు తిరిగిస్తే పాత కొట్లాటలు తిరిగొస్తయి. మా నాయిన తల పగిలింది ఈ గడ్డి కోసమే."

పోలన్న ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. తానూ ఆ రక్తం చూసినవాడే. ఇలా అన్నాడు. "గడ్డి పంచుకునేటందుకు అమాసకమాస అందరం గుట్ట మీద కూసుందాం. అక్కడ ఒప్పుకున్న మాట ఎవలూ తప్పొద్దు. కాని ఆపద కనబడ్డోడు ఎవల్నీ అడగొద్దు. ఊదాలె. విన్నోడు సాయం పోవాలె. తన మందను ఎటు తోలాలో తనే చూసుకోవాలె."

రామసాని కొమ్ము అందుకున్నాడు. ఐలన్నకు దక్కవలసిన తూర్పు పల్లె కొమ్మును పోలన్న బుచ్చవ్వ చేతిలో పెట్టాడు.

తొలి అమావాస్యకు అందరూ గుట్ట మీద గుండ్రంగా చేరారు. అలవాటు కొద్దీ నడుమ ఉన్న ఎత్తైన బండను పోలన్నకు వదిలేశారు. ఆయన దాని వంక చూశాడు గాని ఎక్కలేదు. మల్కయ్య పక్కన నేల మీద కూర్చున్నాడు. ఖాళీగా ఉన్న ఆ బండ మీద నాచు చూసి బుచ్చవ్వ కొంగుతో తుడిచింది. రాతిలో ఒక తల్లి ముఖం, దాని చుట్టూ కిరీటంలా అనేకమైన కొమ్ములు బయటపడ్డాయి. తన కలలోకి వచ్చింది ఈ తల్లేనని పోలన్న చెప్పగానే కూర్చున్నవారంతా లేచి మొక్కారు. పలుకొమ్ముల తల్లి అలా వెలసింది.

కొన్నేళ్లకు ఒక వేసవిలో గుట్ట ఉత్తరపు గడ్డికి నిప్పంటుకుంది. పోలన్న అప్పటికి ముసలివాడై గుట్ట కింద గుడిసె దగ్గర ఉన్నాడు. మొదట రామసాని కొమ్ము మోగింది. పోలన్న దిగ్గున లేచి తన కొమ్ము కోసం చేయి చాచాడు. అంతలో పడమట ఒక కొమ్ము, దక్షిణాన మరొకటి, ఆపైన తూర్పున బుచ్చవ్వ కొమ్ము బదులు పలికాయి. ఆయన చేయి అలాగే ఆగిపోయింది. ఒక మంద వాగులోకి దిగింది. ఒక మంద బోడిరాళ్ల మీదికి ఎక్కింది. మందలను భద్రపరచినవారు తడి గొంగళ్లతో మంటకు ఎదురెళ్లారు.

పొద్దు వాలేసరికి ముఖమంతా మసితో బుచ్చవ్వ వచ్చింది. ఒక్క గొర్రెపిల్ల కూడా పోలేదని చెప్పింది.

"ఎవలు ఎటు పోవాల్నో ఎవలు చెప్పిండ్రమ్మా?" అని పోలన్న అడిగాడు.

"ఎవలు చెప్పలే బావా. ఎవలకు కనబడ్డది వాళ్లు చేసిండ్రు."

తమ్ముడు పోయిన నాటి నుండి నవ్వని పోలన్న ఆనాడు కళ్ల నిండా నీళ్లతో నవ్వాడు. వేల గొర్రెలు తన ఒక్క ఊదుకు కదిలిన రోజుల్లో కూడా అంతటి గర్వం తాను ఎరుగనని మల్కయ్యతో చెప్పుకున్నాడట.

నేటికీ ఈ క్షేత్రంలో ప్రధాన పూజారి లేడు. పల్లెలు వంతుల వారీగా అమ్మవారికి పాలు, బెల్లపన్నం నివేదిస్తాయి. మాఘమాసపు జాతరలో ఏ కులంవారైనా, ఏ ఊరివారైనా సన్నిధిలో కొమ్ము ఊదవచ్చు. బెరుకు గల పిల్లలను తల్లులు ఇక్కడికి తెచ్చి, చిన్న కొమ్ము చేతికిచ్చి ఊదిస్తారు. అలా ఊదిన బిడ్డ ఆపదలో గొంతు విప్పగలవాడవుతాడని నమ్మకం. బిడ్డ ఊపిరి చాలక సన్నని కూత మాత్రమే వచ్చినా, గుట్ట బాట మీద, వాగు ఒడ్డున, బండ్ల దగ్గర ఉన్న జనమంతా తమ తమ కొమ్ములెత్తి బదులిస్తారు. ఈ గుట్ట మీద మోగిన కొమ్ము ఏదీ ఇంతవరకు ఒంటరిగా ఆగిపోలేదని ఇక్కడివారు తల ఎత్తి చెబుతారు.