పెట్టెలో బావులు

ఎక్కడ ఎంత లోతున నీళ్లు పడ్డాయో బావులు తవ్వేవాళ్లంతా చెబితే, కొలువులో తాటాకుల మీద రాయించారు. లేఖరి పేరిశాస్త్రి ఆ కట్టలను పెట్టెలో పెట్టి తాళం వేశాడు. "నలుగురూ వాడితే నలిగిపోతాయి" అన్నాడు.

ఎండిన తన ఊళ్లో మూడుచోట్ల తవ్వి మట్టి తప్ప ఏమీ చూడని బుడ్డయ్య చేతులు కట్టుకుని వచ్చాడు.

"అయ్యా, నా బుర్ర సంగతి తెలిసిందేగా. నేను చెప్పిన లోతుల్లో తప్పు దొర్లినట్టుంది. రేపు రాజుగారి తోటలో బావికి అవే చూస్తారట."

శాస్త్రి గబగబా పెట్టె తాళం తీశాడు. "ఏ ఆకురా?"

"వింటే గుర్తుపడతాను. కాస్త చెవుడండీ, గట్టిగా చదవండి."

శాస్త్రి అరుగెక్కి, గొంతు చించుకుని కట్టలన్నీ చదివాడు. ఆ కేకలకు వీధి నిండా చేరిన బావులవాళ్లు ఎవరికి కావలసిన లోతు వాళ్లు విని పట్టుకున్నారు. బుడ్డయ్యకు పొరుగూరి లోతు దొరికింది; తన ఊళ్లో ఇంకెంత తవ్వాలో తెలిసింది.

"తప్పేదిరా?"

"లేదయ్యా, ఉందనుకోవడమే నా తప్పు. ఇంతమందిమి వాడుకున్నాం, ఒక్క ఆకైనా నలిగిందేమో చూసుకోండి."