ముప్పై రెండు ముళ్ళు

వాన తాడును కోటకు పంపడానికి గురువుగారు ఎందుకు ఒప్పుకోవడం లేదో పర్వతయ్యకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

తుమ్మలకొండ మఠం ముంగిట్లో ఒక రాతి తొట్టి ఉండేది. వాన వెలిసిన ప్రతిసారీ పర్వతయ్య అందులో కొలకర్ర ముంచి, ఎన్ని వేళ్ళ నీరు నిలిచిందో చూసేవాడు. వేలికొక ముడి చొప్పున నూలుతాడుకు ముళ్ళు వేసేవాడు. ఉత్తర కార్తెలో ఆ తాడు కొండ అవతల ఉన్న కోటకు వెళ్ళాలి. ముళ్ళు చాలినన్ని ఉంటే పాలెగాడు తన గాదెల్లోని ధాన్యాన్ని దూరదేశపు బేరగాళ్ళకు వదిలేస్తాడు. తక్కువైతే అదే ధాన్యాన్ని కొండ కింది ఆరు పల్లెలకు పంపిస్తాడు. తాతల కాలం నుంచీ వస్తున్న కట్టుబాటు అది.

పోయిన సంవత్సరం ముప్పై ఒక్క ముళ్ళు. పంట చక్కగా ఇంటికొచ్చింది. ఈసారి ముప్పై రెండు.

"ఒకటి ఎక్కువే ఉంది స్వామీ," అన్నాడు పర్వతయ్య, మూడోసారి.

"ఎక్కువే," అన్నారు మరుళయ్య స్వామి. తాడును వేళ్ళ మధ్య మెల్లగా జార్చుకుంటున్నారు. "ఎప్పుడెప్పుడు పడింది?"

"మృగశిరలో నాలుగు రోజులు. మళ్ళీ మొన్న పుబ్బలో ఒక రాత్రంతా."

"మధ్యలో?"

"మధ్యలో పడలేదు కాబట్టి ముడి లేదు."

పర్వతయ్య పట్నంలో చదువుకున్నవాడు. ముడి లేనిచోట తాడు చెప్పేది ఏమీ ఉండదని అతని లెక్క. లెక్కలో అతనికి తిరుగు లేదు. ఆ సంగతి మఠంలో అందరికంటే అతనికే బాగా తెలుసు.

"నమ్మకం లేకపోతే కిందికి చూడండి," అన్నాడు. "ఎటు చూసినా పచ్చగా ఉంది."

స్వామి గోడ పట్టుకుని లేచి చూశారు. మోకాళ్ళు పట్టేయడం వల్ల ఆయన కొండ దిగి రెండేళ్ళయింది. జోలె పట్టుకుని పల్లెలు తిరిగే ముసలి జంగమ వేసవిలోనే కాలం చేశాడు. అప్పటి నుంచి మఠం పాత గింజలతోనే నెట్టుకొస్తోంది. పల్లెల కబురు తెచ్చేవాళ్ళు లేరు.

"పచ్చగానే ఉంది," అన్నారు స్వామి. "ఏమిటది?"

పర్వతయ్య కళ్ళు చికిలించి చూశాడు. అంత ఎత్తు నుంచి జొన్న అయినా గరిక అయినా ఒకటే.

కోట నుంచి వచ్చిన రౌతు కదిరప్ప మెట్ల మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. తాడు కోసం వచ్చి అప్పటికి మూడు రోజులైంది. "పున్నమికి బండ్లు కదులుతాయి సామీ," అన్నాడు వినయంగా. "ఏదో ఒక మాట సెప్పి పంపియ్యండి. బండ్లు దాటిపోయినాక ఏం సెప్పినా ఒకటే."

పున్నమికి ఇంకా తొమ్మిది రోజులుంది.

"రెండు రోజులు ఆగు నాయనా," అన్నారు స్వామి. తర్వాత శిష్యుడి వైపు తిరిగారు. "జోలె తీసుకుని పల్లెలకు వెళ్ళు. ఏం వేస్తారో చూసి రా."

పర్వతయ్యకు చిన్నతనంగా అనిపించింది. వాన లెక్క అడిగితే భిక్షకు పొమ్మంటారేమిటి! అయినా గురువు మాట. చంకన జోలె తగిలించుకుని కొండ దిగాడు.

మొదటి పల్లెలో మొదటి ఇల్లు ఓబుళమ్మ అనే ముసలావిడది. గడప ముందు నిలబడి "భవతీ భిక్షాం దేహి" అన్నాడు. లోపలికి వెళ్ళిన మనిషి చాలాసేపు రాలేదు. దేన్నో పగలగొడుతున్నట్టు టకటకమని చప్పుడు వినిపించింది. కాసేపటికి రెండు దోసిళ్ళ జొన్నలు తెచ్చి జోలెలో పోసింది.

"ఇంత ఎందుకమ్మా?" అన్నాడు పర్వతయ్య, తబ్బిబ్బయి.

"జోలె గడప దాకా వచ్చి ఒట్టిగా పోతే ఊరికి మంచిది గాదు సామీ. తీసుకో. దేవుడన్నా సల్లగా సూస్తాడేమో."

ప్రతి ఇంటా అదే తీరు. కొందరు కొర్రలు, కొందరు సజ్జలు, కొందరు ఉలవలు. పిడికెడు వేసినవాళ్ళు లేరు. అందరూ దోసిళ్ళతోనే. నాలుగో పల్లెకే జోలె నిండిపోతే పైపంచె తీసి మూట కట్టాడు. రెండు భుజాలూ లాగేస్తుంటే, మనసు మాత్రం తేలిగ్గా కొండెక్కాడు.

"చూశారా స్వామీ!" జోలెను స్వామి ముందు దించాడు. "పొంగిపొర్లింది. నా తాడు తప్పు చెప్పలేదు."

స్వామి తల వంచి జోలెలోకి చూశారు.

"ఒక్కటే లోపం. ఈ పల్లె జనానికి శుభ్రం తెలియదు. గింజల నిండా బూడిద, వేపాకు చెత్త. కడుక్కుని తినాలి."

స్వామి చటుక్కున తలెత్తారు. "కంచంలో నీళ్ళు తీసుకురా."

పర్వతయ్య తెచ్చాడు. స్వామి జోలెలోంచి పిడికెడు జొన్నలు తీసి నీళ్ళలో వదిలారు. బూడిద పైకి లేచి నీళ్ళు మసకబారాయి. వేపాకు ముక్కలు రెండు తేలాయి. అడుగున గింజలు నిలిచాయి. ఒక్కటీ తాలు లేదు, ఒక్కటీ విరిగింది లేదు. ఏరి ఏరి పెట్టినట్టు అన్నీ ఒకే లావు.

స్వామి ఆ కంచాన్ని శిష్యుడికి చూపించలేదు. కదిరప్ప ముందుకు జరిపారు.

కదిరప్ప రైతు బిడ్డ. ఒక్క చూపు చూసి లేచి నిలబడ్డాడు.

"ఇది ఇత్తనం గదా సామీ!"

పర్వతయ్య వంగి కంచంలోకి చూశాడు. కదిరప్ప అన్నాడు. "మాయమ్మ గూడా ఇట్లే. బూడిద కలిపి, యాపాకు ఏసి, బాన మూతికి పేడ మెత్తి పెడతాది. ఇంట్లో పస్తులున్నా ఆ బానను ముట్టనీదు. హింగారికి, రెండో పంటకి ఎత్తిపెట్టిన ఇత్తనం జోలెలో ఏసినారంటే..." కంచంలో గింజలను వేలితో కదిపాడు. "నడుమ వాన లేక ముందేసిన పైరు ఎండిపోయిండాది. ఇంగ ఆ ఇండ్లల్లో ఏమీ లేదు సామీ. రేపు వాన వచ్చినా విత్తేకి గింజ ఉండదు."

పర్వతయ్యకు ఆ టకటక చప్పుడు మళ్ళీ వినిపించింది. ఎండిన పేడ పగిలిన చప్పుడు. ఎన్ని గడపల ముందు నిలబడి అది విన్నాడో, విని ఎంత మురిసిపోయాడో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఏం వేస్తారో చూడమన్నారు స్వామీ," అన్నాడు చివరికి. "నేను ఎంత వేశారో చూశాను."

స్వామి ఒక గుడ్డ ముక్క పరిచి, బూడిదతో పాటే దోసెడు గింజలు అందులో పోశారు. "ఇది కోటకు తీసుకెళ్ళు," అన్నారు కదిరప్పతో. "దొర చేతికి కాదు, ఆయన తల్లి చేతికి ఇవ్వు. ఆమె సేద్యం చేసిన ఇంటి నుంచి వచ్చిన మనిషి. ఆమెకు ఇది చదవడం వచ్చు."

"తాడు సామీ? దొర తాడు అడుగుతాడు గదా?"

స్వామి పర్వతయ్య వైపు చూశారు. పర్వతయ్య ముప్పై రెండు ముళ్ళ తాడు తీసుకుని, ఆ మూటకు రెండు చుట్లు చుట్టి, గట్టిగా ముడి వేసి కదిరప్ప చేతిలో పెట్టాడు. అది ముప్పై మూడో ముడి.

గుర్రం కొండ దిగిపోయింది.

జోలెలో మిగిలినవి ఎవరివి వాళ్ళకు ఇచ్చేయాలి. కానీ జొన్న, కొర్ర, సజ్జ, ఉలవ అన్నీ కలగలిసిపోయాయి. పర్వతయ్య చేట ముందు పెట్టుకుని ఏరడం మొదలుపెట్టాడు. కాసేపటికి స్వామి కూడా మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పక్కన కూర్చుని ఇంకో చేట తీసుకున్నారు. రెండు రోజులు ఏరారు.

"మీకు ముందే తెలుసా స్వామీ?" అని అడిగాడు పర్వతయ్య, ఉండబట్టలేక.

"తెలిస్తే ఆ మోత నీతో ఎందుకు మోయిస్తాను?" స్వామి కొర్రగింజలను ఒక పక్కకు తోశారు. "జోలె పొంగిపొర్లిందన్నావే, అప్పుడు భయం వేసింది. పంట పండిన సంవత్సరం మనకు పిడికెడే వేస్తారు."

పున్నమికి ముందే కోట బండ్లు కొండ చుట్టి పల్లెల్లోకి దిగాయి. చిత్త కార్తెలో ఒక పదును వాన పడింది. విత్తడానికి ఇళ్ళల్లో పర్వతయ్య తిరిగి ఇచ్చిన విత్తనం ఉంది.

మరుసటి సంవత్సరం ఉత్తర కార్తె రాకముందే, ఎవరూ చెప్పకుండానే పర్వతయ్య జోలె తీసుకుని కొండ దిగాడు. ఓబుళమ్మ గడప ముందు ఆగాడు. ఆమె చేట తీసుకుని లేవబోయింది.

"ఆగమ్మా. ముందు విత్తనాల బాన ఎక్కడుందో చూపించు."

"ఏమి సామీ, జోలెకొచ్చినావా, ఇల్లు సోదా సేసేకొచ్చినావా?" నవ్వుతూ మూలకు చెయ్యి చూపించింది ముసలావిడ.

బాన మూతికి పేడ మెత్తి ఉంది. ఎండిన పేడ మీద ఆమె వేళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి. ఎక్కడా పగులు లేదు.

అప్పుడు జోలె పట్టాడు. ఆమె పిడికెడు జొన్నలు వేసింది. పర్వతయ్య కాసిని అరచేతిలోకి తీసుకుని ఊదాడు.

బూడిద లేవలేదు.