నాలుగంగుళాల జూమ్ లెన్సు

రామచంద్రపురం మొత్తానికి పేర్రాజంత తెలివైనవాడు లేడని గట్టిగా చెప్పేవాడు ఒక్కడే ఉన్నాడు, వాడు పేర్రాజు. అవునవునని తలూపేవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళు అతని తమ్ముళ్ళు తాతబ్బాయి, అబ్బులు. ముగ్గురికీ కలిపి కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే దుకాణం ఉంది. "మన బుర్రల సంగతి బయటికి తెలిస్తే ఎవడైనా ఎత్తుకుపోతాడ్రా" అని పేర్రాజు ఓ రోజు తమ్ముళ్ళని హెచ్చరించాడు. అంతే, ఆ రోజు నుంచీ ఇద్దరూ తలకి తువ్వాలు గట్టిగా బిగించుకుని మరీ పడుకునేవారు.

అలాంటివాళ్ళకి ఒక కెమెరా కంపెనీ పని అప్పగించింది. ఏం చూసి అప్పగించిందో ఆ కంపెనీకే తెలియాలి. ఇంజినీరు శర్వాణిగారు తొమ్మిదంగుళాల పాత జూమ్ లెన్సొకటి చేతికిచ్చి, కొత్తది ఎలా ఉండాలో కాగితం మీద రాసిచ్చారు. పొడుగు నాలుగంగుళాలు మించకూడదు, జేబులో పట్టాలి. బొమ్మ అంచుల్లో మసక ఉండకూడదు. బరువు తగ్గాలి. రింగు తిప్పితే దూరంగా ఉన్నది దగ్గరికి రావాలి. "పది రోజుల్లో నమూనా చూపించండి. బాగుంటే ఏడాది పొడుగునా పని మీదే" అన్నారు.

పేర్రాజు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. దుకాణానికి గిరాకీ పోయి చాన్నాళ్ళయింది. ఇది కూడా తప్పిపోతే బావమరిది రైసు మిల్లులో తవుడు బస్తాలు మొయ్యడమే గతి. "రా బావా, నీ తెలివికి తగ్గ పని నా దగ్గరుంది" అని ఆ బావమరిది అప్పటికే రెండుసార్లు కబురంపాడు. అది తలుచుకుంటే చాలు, పేర్రాజుకి ముద్ద దిగేది కాదు.

"ముందు పొడుగు సంగతి చూడండ్రా" అన్నాడు.

తాతబ్బాయి టేపు పెట్టి కొలిచాడు. "తొమ్మిదన్నయ్యా. అంటే అయిదు ఎక్కువున్నట్టేగా?"

"లెక్కల్లో నువ్వు నన్ను మించిపోయావురా!"

ఇంకేముంది, రంపం తెచ్చి గొట్టాన్ని నాలుగంగుళాల దగ్గర పరపరా కోసేశారు. సరిగ్గా అక్కడే ఉన్న అద్దం కాస్తా భళ్ళుమంది. మిగిలిన ముక్క పారేస్తే దండగని అబ్బులు దాన్ని ఎడమ జేబులో, పొట్టి ముక్కని కుడి జేబులో వేసుకున్నాడు. "ఒక్క జేబులో పట్టమన్నారు, మనం రెండు జేబుల్లో పట్టించాం" అని పేర్రాజు మురిసిపోయాడు. మోసేటప్పుడు పొట్టిగా ముడుచుకుని, వాడేటప్పుడు పొడుగయ్యే లెన్సులు లోకంలో ఉన్నాయి. వాటి గుమ్మం దాకా వచ్చి కూడా గుర్తుపట్టకుండా వెళ్ళిపోవడం ఈ మహానుభావులకే చెల్లింది.

తర్వాత మసక. పొట్టి ముక్కని కెమెరాకి బిగించి పేర్రాజుని ఫోటో తీశారు. మధ్యలో ముక్కు ఆనవాలు కాస్త తెలుస్తోంది, అంచులంతా మసక.

"మసక అంచుల్లోనే కదా ఉంది? అంచులు తీసెయ్యండి" అన్నాడు పేర్రాజు.

తాతబ్బాయి కత్తెరతో చుట్టూ కత్తిరించాడు. తీరా చూస్తే కొత్త అంచులు వచ్చాయి, వాటిలోనూ మసకే. మళ్ళీ కత్తిరించాడు. మళ్ళీ అంచులొచ్చాయి.

"ఎంత కోసినా అంచు వస్తానే ఉందేంటన్నయ్యా?"

"మొండి అంచురా. నువ్వూ తగ్గకు."

చివరికి ఫోటోలో పేర్రాజు ముక్కు రంధ్రం ఒక్కటే మిగిలింది. తర్వాత కత్తెరకి అదీ దొరకలేదు.

ఇక బరువు. గొట్టంలో బరువున్నవి ఏమిటా అని చూస్తే, అద్దాలు! అన్నీ పీకి పక్కన పడేశారు. పేర్రాజు ఖాళీ గొట్టం కంటికి పెట్టుకుని చూశాడు. ఎదురింటి కిటికీ, కిటికీలో పిల్లి, పిల్లి మీసాలు అన్నీ తేటగా కనిపించాయి. మధ్యలోనూ మసక లేదు, అంచుల్లోనూ లేదు. "సాధించాం రా!" అని తమ్ముళ్ళని కావిలించుకుని నిజంగానే ఏడ్చేశాడు.

పదో రోజున శర్వాణిగారు వచ్చారు. గొట్టం అందుకుని ఈ చివర వేలు పెడితే ఆ చివర బయటికొచ్చింది.

"ఇందులో అద్దాలేవండీ?"

"బరువని తీసేశామండి. దాంతో మసక కూడా పోయిందండి, ఆయ్" అన్నాడు పేర్రాజు.

"మరి జూమ్?"

"అదీ ఉందండి. వీధి చివర తోపుడుబండి చూస్తా రింగు తిప్పండి."

ఆవిడ తిప్పారు. బండి గడగడమంటూ వచ్చేసింది. ఆవిడ గొట్టం దించి చూస్తే, తాతబ్బాయి, అబ్బులు బండికి తాడు కట్టి రొప్పుతూ లాగుతున్నారు.

శర్వాణిగారికి ఒళ్ళు మండిపోయింది. "ఓహో! ఇలా తెస్తారా? అయితే ఊరి చివర ఆ నీళ్ళ ట్యాంకుని కూడా తెప్పించండి. ఏడాదేం ఖర్మ, పదేళ్ళ పనిస్తాను!" అనేసి, కారు పిలవడానికి ఫోను తీసుకుని స్టూలు మీద కూలబడ్డారు.

వెటకారమంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికి తెలుసు గనక! పదేళ్ళ పని! పేర్రాజు గొట్టం చేతబట్టి, తాడు తమ్ముళ్ళ భుజాన వేసి పరుగు తీశాడు. ట్యాంకు స్తంభానికి తాడు కట్టి ముగ్గురూ లాగారు. కదల్లేదు. పళ్ళు బిగించి లాగారు. తాడు తెగి ముగ్గురూ వెల్లకిలా పడ్డారు.

"బరువుగా ఉందన్నయ్యా" అన్నాడు అబ్బులు.

"కాగితంలో ఏం రాశారు? బరువు తగ్గాలని కాదూ? ఆ నీళ్ళు తీసెయ్యండ్రా!"

అంతే. అబ్బులు పెద్ద వాల్వు చక్రాన్ని ఊడివచ్చేదాకా తిప్పాడు. ఊరందరి నీళ్ళూ ఒక్కసారిగా వీధిలో పడ్డాయి. దుకాణంలో కళ్ళజోడు డబ్బాలు తేలుకుంటూ మురిక్కాలవ దారి పట్టాయి, అరగదీత యంత్రం మునిగిపోయింది. శర్వాణిగారు చెప్పులు చేత్తో పట్టుకుని స్టూలెక్కి, "మీకూ లేదు, మీ వీధికీ లేదు పని!" అని అరుస్తున్నారు.

మోకాళ్ళ లోతు నీళ్ళలో, గొట్టం కంటికి ఆనించుకుని, ముఖమంతా వెలిగిపోతూ పేర్రాజు పరుగున వచ్చాడు.

"కంగారుపడకండి మేడమండీ! నీళ్ళు ముందొచ్చేశాయండి, వెనకాల ట్యాంకు బయల్దేరుతోందండి! రింగు ఇంకో చుట్టు తిప్పమంటారా?"