ఇరవై మూడు చెడ్డ కాగితాలు

అప్పలసూరికి ఆ వారమంతా కాలు నేల మీద నిలవలేదు. నాలుగేళ్ళుగా వెతుకుతున్నది దొరికిందనుకున్నాడు. దొరికిందా లేదా అన్నది వేరే సంగతి, అనుకోవడంలో మాత్రం ఏ లోటూ చేయలేదు.

మదనపల్లెకి అవతల ఒక కొండ మీద సూర్యుణ్ణి చూసే పాత పరిశీలనాలయం ఉంది. సూరి అక్కడ పరిశోధక విద్యార్థి. అతని గురువు నాంచారమ్మ గారు, రిటైరై ఆరేళ్ళయినా కొండ దిగని మనిషి. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు. ఏదో ఒక పని చెబుతారు. అందుకని విద్యార్థులు ఆవిణ్ణి ప్రశ్నలు అడగడం ఎప్పుడో మానేశారు.

సూరి వెతుకుతున్నది డార్క్ మేటర్. ఈ విశ్వంలో చాలా భాగం అదేనంటారు గానీ, ఇంతవరకు ఎవరి కంటికీ ఏ యంత్రానికీ చిక్కలేదు. అది ఏరులా పారుతూ ఉంటే, భూతద్దం ఎండను ఒకచోటికి చేర్చినట్టు, గ్రహాల ఆకర్షణ దాన్ని సూర్యుడి మీదకు చేర్చవచ్చని ఒక ఊహ ఉంది. అదే నిజమైతే, కొన్ని గ్రహాలు కొన్ని చోట్లకు వచ్చినప్పుడల్లా సూర్యుడి మీద మచ్చలూ మంటలూ వేరే కారణం లేకుండా పెరగాలి. మన ఆకాశపు పై పొరల్లో విద్యుత్కణాలు కూడా పెరగాలి. కనబడని దొంగను వాడు చేసే అలికిడిని బట్టి పట్టుకోవడమన్నమాట.

ఆకాశపు లెక్క యంత్రం రాసుకుంటుంది. సూర్యుడి లెక్క మాత్రం మస్తానయ్య చేతిలో ఉంది.

మస్తానయ్య అక్కడి పరిశీలకుడు. రోజూ ఉదయం ఎనిమిదింటికి టెలిస్కోపులోంచి సూర్యబింబం తెల్లకాగితం మీద పళ్ళెమంత పడేటట్టు చేసి, అందులో కనిపించే మచ్చలను పెన్సిలుతో గీస్తాడు. పై మూలలో తేదీ వేస్తాడు. మబ్బు పట్టిన రోజున కూడా కాగితం పెడతాడు. గంటసేపు చూసి, ఖాళీ వలయం కింద "కనబడలేదు" అని రాసి సంతకం చేస్తాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే పని. ఆ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నాడు.

మొన్న ఒకరోజు మెట్ల మీద సూరిని ఆపి, కాస్త సిగ్గుపడుతూనే అడిగాడు.

"సూరిబాబూ, మీరు రాసేదాంట్లో నా పేరు యాడన్నా వస్తాదా?"

"రాకుండా ఎలా ఉంటుంది బాబాయ్! మీ బొమ్మలే కదా అంతా."

"ఏం లేదు, ఇంట్లో చూపిద్దామని. ఇన్నేండ్లు ఆ కొండెక్కి ఏం చేసినావు అంటాంటారు."

పేరు వచ్చింది. ఎక్కడ వచ్చిందంటే, తొమ్మిదో పేజీ అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో వచ్చింది.

అసలు సంగతి ఇది. ఊహ నిజమైతే గ్రహాలు ఆ చోట్లకు వచ్చిన రోజుల దగ్గర గ్రాఫు శిఖరంలా లేవాలి. సూరి మొదట గీసిన గ్రాఫులో శిఖరం లేదు. చిన్న గుబ్బ ఉంది, అంతే. ఇరవై మూడు రోజులు అతని మాట వినలేదు. గ్రహాలు అనుకున్న చోట నిలబడి ఉంటే ఆ రోజుల్లో సూర్యుడు హాయిగా నిద్రపోయాడు. లేదంటే ఏ గ్రహమూ దగ్గరలో లేనప్పుడు చెలరేగిపోయాడు. సూరి ఆ ఇరవై మూడు రోజుల కాగితాలూ బయటికి తీసి, ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. అక్కడక్కడ పెన్సిలు గీత పలచగా కనిపించింది. మస్తానయ్య పలుచని మబ్బులో గీసి ఉంటాడనుకున్నాడు. ఆ రోజులన్నీ లెక్కలోంచి తీసేశాడు. గుబ్బ కాస్తా నిటారుగా లేచి కూర్చుంది.

ఆ వ్యాసం ఆ రోజు సాయంత్రానికల్లా బెంగళూరు సదస్సుకు చేరాలి. చేరితే ఫెలోషిప్పు మరో రెండేళ్ళు పొడిగిస్తారు. చేరకపోతే ఆ నెలాఖరున మస్తానయ్యతో పాటే సూరి కూడా పెట్టె సర్దుకోవాలి.

ఉదయం పదింటికి నాంచారమ్మ గారి బల్ల మీద వ్యాసం పెట్టి, మెచ్చుకోలు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ నెమ్మదిగా చదివారు. తొమ్మిదో పేజీ దగ్గర ఆగారు.

"ఈ ఇరవై మూడు కాగితాలూ చెడ్డవని ఎలా తెలిసింది?"

"చూడగానే తెలిసిపోతుంది మేడమ్. గీత పలచబడి ఉంటుంది."

"చూడగానే తెలుస్తుందా?"

"తెలుస్తుంది మేడమ్."

"అయితే అవి పట్టుకురా. నీ శిఖరంలో ఉన్నవాటిలోంచి ఇంకో ఇరవై మూడు కూడా తీసుకురా."

సూరి పరుగున వెళ్ళి తెచ్చాడు. ఆవిడ ఒక్కో కాగితానికీ తేదీ ఉన్న మూలను వెనక్కి మడిచారు. నలభై ఆరు కాగితాలూ కలిపేసి అతని ముందుకు జరిపారు.

"చెడ్డవి తీసి ఇటు పెట్టు."

మొదటి నాలుగైదు చకచకా తీశాడు. పదో కాగితం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. ఆ కొండ మీద మంచు లేని ఉదయం ఎప్పుడుందని? ఏ కాగితం చూసినా ఎక్కడో ఒకచోట గీత పలచగానే ఉంది. పెట్టింది మళ్ళీ తీశాడు. తీసింది మళ్ళీ పెట్టాడు. గుర్తుపట్టగలనేమోనని మడతల వైపు దొంగచూపులు కూడా చూశాడు. నాంచారమ్మ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. అరగంటకి ఎలాగో ఇరవై మూడు లెక్కపెట్టి పక్కన పెట్టాడు.

ఆవిడ ఆ కట్ట మూలలు విప్పి, వ్యాసంలోని తేదీలతో సరిచూశారు.

"ఇందులో పదకొండు నువ్వు పారేసినవి. మిగతా పన్నెండూ నీ శిఖరంలో ఉన్నవి."

సూరి చెవులు వేడెక్కాయి. తనకి ముందే తెలుసు, అదీ అసలు బాధ. ఆ కాగితాలను కిటికీకి పట్టి చూసింది మబ్బు కోసం కాదు, అవి తన మాట వినలేదని. మాట విన్నవాటిలో ఒక్కదాన్నైనా పట్టి చూశాడా? లేదు. చూడాలని కూడా అనిపించలేదు.

బయట మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ రోజు కాగితం ఇవ్వడానికి మస్తానయ్య వస్తున్నాడు. సూరి గబగబా వ్యాసం అందుకోబోయాడు.

"ఆ ఫుట్‌నోట్ తీసేస్తాను మేడమ్. ఇప్పుడే కొట్టేస్తాను."

"ముందు ఆయనకి చదివి వినిపించు" అన్నారు నాంచారమ్మ గారు. "తెలుగులో."

వ్యాసం సూరి చేతికిచ్చారు. మస్తానయ్య లోపలికి వచ్చి, సూరి చేతిలో కాగితాలు చూసి, ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"అయిపోయిందా బాబూ? నా పేరుండాదా?"

"ఉంది బాబాయ్."

"యాడ? సదవండి, ఇంటాను."

చొక్కా సర్దుకుని మరీ నిలబడ్డాడు. ఇంగ్లీషులో సూరి దాన్ని ఒక్క ఊపులో రాసేశాడు. తెలుగులో చెప్పడానికి మూడుచోట్ల ఆగాల్సి వచ్చింది.

"పరిశీలకుడు మస్తానయ్య లోపం వల్ల... పలుచని మబ్బులో సరిగ్గా గీయని ఇరవై మూడు రోజులను... లెక్క నుంచి తీసివేశాము."

మస్తానయ్య కళ్ళజోడు తీసి చొక్కా అంచుకి తుడుచుకున్నాడు.

"ఇరవై మూడు దినాలా బాబూ? ఏమోలే, కండ్లు మునుపటి మాదిరి లేవు. నాకు తెలీకుండానే తప్పు పోయినట్టుండాది. మీ పనంతా పాడు చేస్తినే." గురువు గారి వైపు తిరిగాడు. "అమ్మా, మీరన్నా చెప్పాల్సింది. ఇంకొకరిని పెట్టుకునేవాళ్ళు గదా."

తిట్టినా బాగుండేది. ఇంత పెద్ద మనిషి చేయని తప్పుకి తనకి క్షమాపణ చెప్పుకుంటుంటే, సూరికి అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"మీ తప్పేం లేదు బాబాయ్" అన్నాడు. వ్యాసం బల్ల మీద పెట్టేసి మళ్ళీ చెప్పాడు. "మీ తప్పేం లేదు. మీ కాగితాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నాకు పనికొచ్చినవి మంచివన్నాను. పనికిరానివి చెడ్డవని మీ మీదకి తోశాను."

నాంచారమ్మ గారి వైపు తిరిగాడు.

"ఆ ఇరవై మూడూ మళ్ళీ కలుపుతాను మేడమ్. శిఖరం ఉండదు. సాయంత్రం పంపడానికీ ఏమీ ఉండదు."

ఆ శిఖరాలేమిటో, సాయంత్రమేమిటో మస్తానయ్యకి అంతగా బోధపడలేదు. ఆయనకి కావలసింది ఒక్కటే. కళ్ళజోడు పెట్టుకుని, సూరిని కాదు, గురువు గారిని అడిగాడు.

"అయితే అమ్మా, నా కండ్లు బాగుండాయా?"

నాంచారమ్మ గారు ఆయన చేతిలోని ఆ రోజు కాగితం తీసుకుని చూశారు. వలయంలో ఒక సగం మచ్చలు గీసి ఉన్నాయి. రెండో సగం తెల్లగా ఉంది. దాని పక్కన "మబ్బు. ఈ సగం కనబడలేదు" అని రాసి ఉంది.

"బాగున్నాయి మస్తానయ్య గారూ" అన్నారు. "కనబడనిది మీరెప్పుడూ గీయలేదు."

బల్ల మీద మిగిలిన ఇరవై మూడు కాగితాల మూలలు ఇంకా మడిచే ఉన్నాయి. సూరి తలెత్తకుండా కూర్చుని, ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.