దస్తగిరి మూడు చుట్లు

అనగనగా ఒక కాలం. తాలూకా మొత్తానికి ఒకటే కారున్న కాలం. ఆ కారు డాక్టరు సుగుణమ్మది. కొండమీది పల్లెల్లో ఎవరికి నొప్పులొచ్చినా ఆమె ఆ కారెక్కి పోవాల్సిందే.

కొండ కింద ఓబులేసు షెడ్డు ఉండేది. అందులో దస్తగిరి అని ఒకడు పనిచేసేవాడు. మెకానిక్కు కాదు. ఓబులేసు విప్పిన సామాన్లన్నీ కిరసనాయిల్లో కడిగి పెట్టేవాడు. మనిషి సన్నం. చేతులు ఇంకా సన్నం. "పానా పట్టే బలం నీకు యాడిదిరా" అని ఓబులేసు అతన్ని పానా ముట్టనిచ్చేవాడు కాదు.

ఒకరోజు పొద్దున కారు నూనె మార్చుకోవడానికి షెడ్డుకొచ్చింది. పాత నూనె తారులాగా అయిపోయింది. దాన్ని దించాలంటే ఇంజను అడుగున ఒక బోల్టు విప్పాలి. అంతే పని. ఓబులేసు పానా పట్టుకుని కారు కిందికి దూరాడు.

అప్పుడే కొండమీది నుంచి ఒక మనిషి రొప్పుకుంటూ వచ్చాడు.

"డాక్టరమ్మా, మా చెల్లెలికి నిన్నట్నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు."

"ఓబులేసూ, తొందరగా కానీ" అంది డాక్టరమ్మ. "ఈ నూనెతో ఘాటెక్కితే సగం దారిలో ఇంజను పట్టేస్తుంది."

ఓబులేసు తిప్పాడు, తిప్పాడు, తిప్పాడు. బోల్టు కదల్లేదు. బోల్టు తల అరిగింది.

"ఎటు తిప్పితివన్నా?" అన్నాడు దస్తగిరి.

"నాకే చెప్తావా? పోయి సామాన్లు కడుక్కో పో."

వస్తాదు మద్దిలేటిని పిలిచారు. రోజుకు వెయ్యి దండీలు తీసేవాడు. తొడ చరిచి కారు కిందికి దూరాడు. తిప్పాడు, తిప్పాడు, తిప్పాడు. బోల్టు కదల్లేదు. బోల్టు తల ఇంకా అరిగింది.

"ఎటు తిప్పితివన్నా?" అన్నాడు దస్తగిరి.

"బలమున్నోనికి ఎటైతే ఏందిరా!"

ఇక మిల్లులో బస్తాలు మోసే హుసేనిని పిలిచారు. రెండు బస్తాలు ఒకేసారి మోసేవాడు. పానాకి బారెడు ఇనప గొట్టం తొడిగి తెచ్చాడు. తిప్పాడు, తిప్పాడు, తిప్పాడు. బోల్టు కదల్లేదు. కారు కదిలింది. బోల్టు తల ఉసిరికాయలా గుండ్రంగా అయిపోయింది. ఇప్పుడు ఏ పానా వేసినా జారుడే.

"ఎటు తిప్పితివన్నా?" అన్నాడు దస్తగిరి.

హుసేని నోరు తెరిచేలోపే డాక్టరమ్మ లేచింది. "అడుగుతున్నాడు కదా, చెప్పండయ్యా!"

ముగ్గురూ చేతులు గాల్లో తిప్పి చూపించారు. ముగ్గురిదీ ఒకటే వైపు.

"పైన నిలబడి చూసినట్టు తిప్పినారు" అన్నాడు దస్తగిరి మెల్లగా. "మనం కిందుండాం కదన్నా. కింది నుంచి చూస్తే అది బిగించే వైపు."

పొద్దున్నుంచి ముగ్గురు మొనగాళ్లు ఆ బోల్టును బిగిస్తానే ఉన్నారు!

"దస్తగిరీ, నువ్వు చూడయ్యా" అంది డాక్టరమ్మ.

బోల్టు తల విరిగితే కారు లేదు. కారు లేకపోతే కొండమీద ఆ తల్లి లేదు. దస్తగిరి పానా తీసుకోలేదు. ఆకురాయి తీసుకుని కారు కిందికి దూరాడు. గుండ్రమైన బోల్టు తలను అటు కొంచెం, ఇటు కొంచెం గీకాడు, గీకాడు, గీకాడు.

"బోల్టుకు గోళ్లు తీస్తాండాడప్పా" అని నవ్వాడు మద్దిలేటి.

తలకి రెండు పక్కలా చదును వచ్చింది. దాని చుట్టూ కిరసనాయిల్లో తడిపిన గుడ్డ చుట్టి నానబెట్టాడు. ఒక సైజు చిన్న పానా తీసుకుని సుత్తితో టక్కుటక్కుమని తలకి ఎక్కించాడు. రెండోవైపు తిప్పాడు.

కిర్రుమంది.

"యాదీ, నిజంగానే వచ్చిందా?" అని మద్దిలేటి తల దూర్చాడు. బోల్టు ఊడింది. తారులాంటి నూనె బడబడా ఆయన మొహం మీదే పడింది. నెరిసిన మీసం వారం దాకా నల్లగా నిగనిగలాడిందంట. "పెండ్లినాటి మొగుడు మళ్లీ వచ్చినాడు" అని భార్య మురిసిపోయిందంట. అదే నూనె ఇంకొంచెం తెచ్చుకోమందని కూడా అంటారు.

ఓబులేసు కొత్త బోల్టు పెట్టి, పానా ఎత్తాడు.

"పానా కింద పెట్టన్నా!"

దస్తగిరి గొంతు అంత పెద్దగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఓబులేసు పానా కింద పెట్టేశాడు.

"ముందు చేత్తో మూడు చుట్లు. వేళ్లకు లొంగిందంటే మర సరిగ్గా పట్టినట్టు. ఆ తర్వాతే పానా."

ఒక చుట్టు. రెండు చుట్లు. మూడు చుట్లు. బోల్టు వెన్నలా ఎక్కింది. కొత్త నూనె పోశారు. కారు ఘాటెక్కింది. తల్లి బతికింది, బిడ్డ బతికింది. ఆడపిల్ల. దస్తగిరమ్మ అని పేరు పెట్టుకున్నారు.

మర్నాడు ఓబులేసు తన పానాల సంచి తెచ్చి దస్తగిరి ముందర పెట్టాడు. ఆ రోజు కిరసనాయిలు డబ్బా దగ్గర తనే కూర్చున్నాడు.

దస్తగిరి పోయి ఎన్నేళ్లయిందో లెక్క చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు ఆ కొండ కింద షెడ్లు బారులు తీరాయి. గాలితో తిరిగే మిషన్లొచ్చాయి, బుర్రుమంటే బోల్టు బిగుస్తుంది. అయినా కొత్త బోల్టు చేతిలోకి తీసుకుంటే అక్కడ ఎంత పెద్ద మెకానిక్కైనా ముందు వేళ్లతో మూడు చుట్లు తిప్పుతాడు. తిప్పి, "దస్తగిరన్నా, పట్టిందన్నా" అని పైకే చెప్తాడు. ఆ మాట చెప్పాకే పానాకి చెయ్యి చాపుతాడు.