పడవమెట్ట గంగమ్మ ముడి

మంచేటి ఒడ్డున బస్సు దిగిన యాత్రికులు ముందు ఏటివైపు, తరువాత పడవమెట్టవైపు చూసి, పేరులోని పడవ ఏదని అడుగుతారు. మెట్టమీది గుడిలో గంగమ్మ తల్లి పడవ ఆకారపు పల్లంలో కొలువై ఉంది. ఆ పల్లంలో తడి వేసవిలోనూ ఆరదు. తెల్లవారుజామున మంచు కమ్మితే కింద ఏరూ కనబడదు, ఊరూ కనబడదు. మెట్ట ఒక్కటే ఎటో తేలిపోతున్నట్టు ఉంటుంది. ఆ వేళ దర్శనం శ్రేష్ఠం. పూజారిణి కూడా ఆ వేళకు లేస్తే మరీ శ్రేష్ఠం.

పూర్వం ఇక్కడ గుడి లేదు. మెట్టమీద కామందు గవరయ్య ఇల్లు, పెరడు ఉండేవి. కింద రేవులో మసేనమ్మ పడవ నడిపేది. భర్త పోయాక తెడ్డు తానే పట్టింది. పాత పడవ చెక్కలు పుచ్చిపోగా, కొత్తది చేయించుకోవడానికి గవరయ్య దగ్గర అప్పు తీసుకుంది. ఉగాదికి తీర్చకపోతే పడవ ఆయనదవుతుందని మాట.

ఆ రోజుల్లో తాకట్టు అంటే అప్పు తీరేదాకా వస్తువు అప్పిచ్చినవాడి ఇంట్లో ఉండాలి. నగకు అదే, ఇత్తడి బిందెకు అదే. కనుక పడవకూ అదే అన్నారు పెద్దలు. ఎడ్లను కట్టి కొత్త పడవను మెట్ట ఎక్కించి గవరయ్య పెరట్లో పెట్టించారు. పద్ధతిగా జరిగిందని అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు ఆ పెద్దలే అవతలి ఒడ్డున సంతకు పోదామని రేవుకు వచ్చి, పడవ లేని నీళ్లను చూసి, ఖాళీ సంచులతో ఇళ్లకు వెళ్లిపోయారు. ఊరి పెద్దరికం ఇప్పటికీ ఆ వంశాలలోనే ఉంది.

"పడవ లేకుండా నేను సంపాదించేదెట్టా, నీ బాకీ తీర్చేదెట్టా బాబూ?" అని మసేనమ్మ అడిగింది.

"నీ దగ్గరే ఉంటే నాకు ధైర్యమేదే? ఏటి వెంబడి ఎటో పోతావు."

"పోయేదాన్నయితే మా ఆయన బతికున్నప్పుడే పోయుండేదాన్ని."

ఆ మాట నిజమేనని గవరయ్య ఒప్పుకున్నాడు. పడవ మాత్రం కదలలేదు.

నీళ్లు తగలని పడవకు చెక్క ఎండి అతుకులు విడతాయి. అందుకని మసేనమ్మ రోజూ ఏటినుంచి కడవతో నీళ్లు మోసుకొచ్చి దానిని తడిపేది. కొన్నాళ్లకు ఆ ఇంటినిండా ఏటి వాసన పట్టింది. గవరయ్య భార్యకు వంటింట్లో అలల చప్పుడు వినిపించేది. పెరట్లో చేపలు కూడా తిరిగాయని కొందరు చెబుతారు. చెప్పేది మా వీధివారే కనుక ఆ సంగతి ఇందులో చేర్చడం లేదు.

మాఘం వెళ్లేసరికి ఎండలు ముదిరాయి. కడవ నీళ్లు చాలక అతుకులు నోళ్లు తెరిచాయి. ఉగాది దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం గవరయ్య భోంచేసి, పెరట్లో చల్లగా ఉన్న చోటు పడవే కనుక, అందులో పడుకున్నాడు.

కలలో మెట్ట చుట్టూ నీళ్లు నిండాయి. ఇళ్లు చప్పుడు లేకుండా కదిలిపోతున్నాయి. ఆయన ధాన్యపు గాదెలు ఒకదాని వెనుక ఒకటి బాతుల్లా ఈదుతున్నాయి. పడవ ముందు కొసన తడిజుట్టుతో ఒక స్త్రీ కూర్చుని ఉంది.

"పడవ నడుస్తోందా?" అని అడిగింది.

"లేదు తల్లీ."

"మరి దేన్ని తాకట్టు పట్టావు? నడవనిది పడవెట్లా అవుతుంది? నీ దగ్గరున్నవి చెక్కలు. అవీ ఎండిపోతున్నాయి, చూసుకో."

తరువాత తన చీర అంచునుంచి ఎర్ర పోగు లాగి పడవ కొసకు ముడి వేసింది. "పడవ మసేనమ్మ దగ్గరే ఉండనీ. ముడి నీది. ముడి ఉన్నంతకాలం అది పడవను అమ్మకూడదు, ఇంకొకరి దగ్గర కుదువ పెట్టకూడదు. తీర్చలేకపోతే తెచ్చుకో. తీరిస్తే నీ చేత్తో నువ్వే విప్పు."

మెలకువ వచ్చేసరికి గవరయ్య నిలువునా తడిసి ఉన్నాడు. పక్కనే మసేనమ్మ ఖాళీ కడవతో నిలబడి ఉంది. భక్తులు అనుమానించవద్దు. పడవ కొసన ఎర్ర పోగు ఉంది. ఆనాడు మసేనమ్మ కట్టుకున్నది తెల్లకోక.

ఆ సాయంత్రమే పడవ ఏరు చేరింది. పెద్దలు దీనిని కూడా పద్ధతేనని మెచ్చుకున్నారు.

ఉగాది ఉదయం గవరయ్య రేవుకు వచ్చాడు. బాకీ ఇంకా కొంత మిగిలే ఉంది. మాట ప్రకారం పడవ ఆయనది కావాలి. మంచులోంచి జనంతో నిండిన పడవ మెల్లగా వచ్చి ఒడ్డు తాకింది. మసేనమ్మ తెడ్డు పక్కన పెట్టి తల దించుకుంది.

"నడుస్తోందా?" అన్నాడు గవరయ్య.

"నడుస్తోంది బాబూ."

"అయితే నడవనీ."

మరుసటి కోతల నాటికి బాకీ తీరింది. ముడి విప్పడానికి గవరయ్య సగం రోజు తంటాలు పడ్డాడు. మెట్టమీద పడవ ఉన్న చోట పడ్డ పల్లం మాత్రం ఆరలేదు. ఆయన ఇల్లు కిందికి మార్చుకుని అక్కడ అమ్మవారిని నిలిపాడు.

వస్తువు మన దగ్గరే ఉండి పని చేస్తూ, దానిమీద హక్కు అప్పిచ్చినవారికి ఉంటే, దానిని ఈ ప్రాంతంలో నేటికీ గంగమ్మ ముడి అంటారు. బ్యాంకువారు కాగితాల మీద హైపోథికేషన్ అని రాస్తారు. పలకడం కష్టం కనుక మేనేజరు గారు కూడా ముడి అనే అంటారు. అప్పుతో కొన్న ట్రాక్టరుకు, ఆటోకు, కుట్టుమిషనుకు ఇక్కడ ఎర్రదారం కట్టిస్తారు. బాకీ తీరాక విప్పవలసింది అప్పిచ్చినవారే. మేనేజరు గారు అందుకోసమే గోళ్లు పెంచుతున్నారని వినికిడి.

మసేనమ్మ వంశపు ఆడపడుచే ఇక్కడ పూజారిణి. బాకీ ఎంత తీరిందని ఆమె ఎవరినీ అడగదు. "నడుస్తోందా?" అంటుంది. నడుస్తోంది తల్లీ అన్నవారు ఏటినుంచి తెచ్చిన కడవెడు నీళ్లు పల్లంలో పోసి, ముడి ఉన్న బండినే నడుపుకుంటూ మంచులోకి దిగి వెళతారు.