పట్టుచీరకు గంపెడు విత్తనాలు

ఏ రాజు ఏలిన నాటి మాటో గానీ, పాలవాగు ఒడ్డున గువ్వలపల్లె అనే ఊరుండేది. ఊరివాళ్లు జొన్నలు, సజ్జలు, కందులు పండించుకునేవారు. పండింది తిండికే సరిపోయేది.

ఒక ఏడు వసంతుడనే వర్తకుడు బండ్లు తోలుకుని వచ్చాడు. పత్తి విత్తనాలు ఊరికే పంచాడు. పండిన పత్తినంతా మంచి ధరకు తనే కొన్నాడు. మరుసటి ఏడు మట్టిని లోతుగా తిరగవేసే ఇనుప నాగళ్లు తెచ్చి ఇచ్చాడు. ఊళ్లో పెంకుటిళ్లు లేచాయి.

అందరూ అతన్ని దేవుడన్నారు. ఎర్రక్క అనే రైతు మాత్రం అనలేదు. 'ఇన్ని ఇచ్చాడు. ఇంకా ఏమీ అడగలేదేం?' అని ఆమె మనసు పీకుతూనే ఉండేది.

మూడో ఏడు అతను అడిగాడు.

"ఇక పొలమంతా పత్తే వేయండి. తిండిగింజలు నేను చవగ్గా తెచ్చి అమ్ముతాను. మీరు దాచిన పాత విత్తనాలతో మీకింక పనేముంది? నాకిచ్చేయండి. గంపెడు విత్తనాలకు ఒక పట్టుచీర!"

"మా విత్తనాలు నీకెందుకయ్యా?" అంది ఎర్రక్క.

"నా ఎడ్లకు దాణా, తల్లీ."

పట్టుచీర ఇచ్చి దాణా కొనేవాడు ఎక్కడైనా ఉంటాడా? ఎర్రక్క బండ్ల దగ్గరికి వెళ్లి చూసింది. ఎడ్లు ఎండుగడ్డి నములుతున్నాయి.

ఆ సంగతి తన తమ్ముడూ, ఊరిపెద్దా అయిన కొమ్మన్నకు చెప్పింది.

"అక్కా, నీకు అందరిమీదా అనుమానమే! రేపు ఊరంతా విత్తనాలు ఇస్తోంది. నువ్వు అడ్డుపడకు" అని అతను కసిరాడు.

తోడబుట్టినవాడే అలా అనేసరికి ఎర్రక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు తనదేనేమో అని కూడా అనిపించింది. అయినా ఇంటికి వెళ్లి, పొయ్యి రాజేసి, గంపెడు జొన్నలు దోరగా వేయించింది.

తెల్లవారింది. జనం గంపలతో బారులు తీరారు. ఎర్రక్క అందరికంటే ముందు తన గంప దించింది. వసంతుడు నాలుగు గింజలు తీసి కొరికి, మండిపడ్డాడు.

"వేయించిన గింజలా! ఇవి మొలకెత్తుతాయా? నాకెందుకివి?"

"ఎడ్లకు దాణాయే కదయ్యా! మొలకెత్తకపోతేనేం?"

కొమ్మన్న ముందుకొచ్చి బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"నిజం చెప్పు. మా విత్తనాలన్నీ నీ చేతికొస్తే ఏం చేద్దామనుకున్నావు?"

చుట్టూ మూగిన జనాన్ని చూసి వసంతుడికి చెమటలు పట్టాయి. "ఆ పైన విత్తనం కావాలన్నా, తిండి కావాలన్నా మీరు నా దగ్గరికే రావాలి. నేను చెప్పిందే ధర" అని గొణిగాడు.

ఊరివాళ్లు అతన్ని ఖాళీ బండ్లతో సాగనంపారు. పత్తిని మాత్రం మానలేదు, నాగళ్లూ పారేయలేదు. సగం పొలంలో పత్తి వేసి, మంచి ధర ఇచ్చిన వాళ్లకు అమ్మారు. మిగతా సగంలో జొన్నా, కందీ వేశారు. ఎవరి విత్తనం వాళ్ల ఇంట్లోనే ఉంచుకున్నారు.

కొత్తది మంచిదైతే తీసుకోండి పిల్లలూ. కానీ దానికి బదులుగా ఏమడుగుతున్నారో, ఎందుకడుగుతున్నారో తెలుసుకోనిదే మీ చేతిలోది వదలకండి.